ఆకు పక్షం, నోటి పక్షం

సూర్యం ఉద్యోగమంతా పొగాకు ఆకుతోనే నడిచింది. గోదావరి లంకల్లో నాటు ఆకు, ప్రకాశం జిల్లాలో వర్జీనియా ఆకు చూసి గ్రేడు కట్టడం నేర్చుకున్నాడు. తరవాత క్యూబా, నికరాగువా తోటల్లో సిగార్ ఆకును దగ్గరుండి చూసొచ్చాడు. ఆయన మేనకోడలు వసుధ విశాఖపట్నంలో నోటి కేన్సర్లకు ఆపరేషన్లు చేసే డాక్టరు. చేత్తో చుట్టే ఖరీదైన సిగార్‌కు చెప్పే రుచులు నిజంగా ఆకులో ఉన్నాయా, అమ్మేవాళ్ల మాటల్లోనే ఉన్నాయా అన్నది ఇద్దరి మధ్య తెగని తగువు. ఆయనది ఆకు పక్షం, ఆమెది నోటి పక్షం. ఎవరి పక్షం వారికి క్షుణ్ణంగా తెలుసు కాబట్టి వాళ్ల తగువు వినదగ్గది.

వసుధ: మావయ్యా, సిగార్ కేటలాగుల్లో రాసేవి చదివాను. కోకో అంటారు, వేయించిన కాఫీ అంటారు, తోలు, తేనె, మిరియాలు, చెక్కవాసన అంటారు. లోపల చూస్తే పొగాకు తప్ప ఇంకోటి లేదు. ఒక్క ఆకులోంచి ఇన్ని రుచులు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? నన్నడిగితే అసలు సరుకు నికోటిన్. మిగతాదంతా దాని ధర పెంచడానికి అల్లిన మాటలు.

సూర్యం: కోకో వెయ్యరు, కాఫీ వెయ్యరు, అది నిజమే. వనిల్లా, రమ్ము పట్టించిన సిగార్లు వేరే ఉన్నాయి, వాటి తరఫున నేను మాట్లాడను. హవానాలో చేత్తో చుట్టే సిగార్‌లో ఆకు తప్ప ఉండేది చివర టోపీలా ఆకుముక్క అంటించడానికి రాసే కాస్త జిగురు మాత్రమే, దానికీ రుచి ఉండదు. కానీ "ఒక్క ఆకు" అన్నావు చూడు, అక్కడే నీతో పేచీ. ఒకే మొక్క మీది ఆకులు ఒకదాన్నొకటి పోలి ఉండవు. అడుగాకు నీడన పెరుగుతుంది. పల్చన, వాసన తక్కువ, ఘాటు తక్కువ, కానీ చక్కగా కాలుతుంది. దాన్ని వొలాడో అంటారు. నడిమాకు సెకో, పరిమళం దానిది. పై ఆకు లిగెరో, ఎండంతా దాని మీదే. దళసరిగా, ముట్టుకుంటే వేళ్లకి జిడ్డు అంటేలా ఉంటుంది, ఘాటంతా అందులోనే. అన్నిటికన్నా పైన రెండు చిన్నాకులు, మేదియో తియెంపో, అన్ని మొక్కలకీ రావు. 2010లో కొహీబా పేరు మీద వచ్చిన బెహీకే సిగార్లకి ఆ ఆకే ప్రత్యేకత.

వసుధ: నువ్వు చెప్పిన అంతస్తులు నాకు ఇంకోలా కనిపిస్తున్నాయి. నికోటిన్ తయారయ్యేది వేళ్లలో. అక్కణ్ణుంచి ఆకుల్లోకి ఎక్కుతుంది. మీరు మొగ్గ తుంచి పిలకలు తీసేస్తే మొక్క ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది, పై ఆకుల్లో ఎక్కువగా చేరుతుంది. లిగెరో ఎక్కువ కలిపితే బలమైన సిగార్, తక్కువ కలిపితే తేలికది. దీనికి మిశ్రమకళ అని పెద్ద పేరెందుకు? మోతాదు అంటే సరిపోదూ?

సూర్యం: మోతాదే అయితే లిగెరో ఒక్కటే తీసుకుని పొట్టిగా చుట్టి అమ్మేసేవాళ్లు. ఎవరూ అలా చెయ్యరు, ఎందుకంటే అది కాలదు. నూనె పట్టిన దళసరి ఆకు నిప్పును నిలుపుకోలేదు. పక్కన వొలాడో లేకపోతే లిగెరో ఘాటు ఆకులోనే ఉండిపోతుంది, పొగలోకి రాదు. పెద్దగా రుచి లేని ఆకు సాయం చేస్తేనే రుచున్న ఆకు పలుకుతుంది. మిశ్రమం అంటే నాకు అర్థమైంది అది. బలాన్ని కూడడం సులువు, ఆ బలం నోటిదాకా సవ్యంగా చేరేలా దారి వెయ్యడం కష్టం.

వసుధ: ఆ దారి ఎలా వేస్తారో చెప్పు. గొప్పలు కాదు, చేతులు ఏం చేస్తాయో చెప్పు.

సూర్యం: ఏ రకం సిగార్‌కి ఏ ఆకు ఎంత అన్నది మిశ్రమం చూసే పెద్ద నిర్ణయించి, ఆ లెక్కన ఆకు తీసిస్తాడు. చుట్టేవాడు అందులో వేలు పెట్టడు. నడిమీనె అప్పటికే తీసేసి ఉంటారు. చుట్టేవాడు ఒక్కో ఆకూ చేతిలో పొడవునా మడుచుకుంటూ, మడతల మధ్య గాలి ఆడేలా వదులుతూ పేరుస్తాడు. లిగెరో నట్టనడుమ ఉండాలి. పక్కకి జరిగితే ఆ పక్క నిప్పు వెనకబడుతుంది, సిగార్ ఒంటిపక్కన కాలిపోతుంది. ఆకు కొసలన్నీ అంటించే వైపుకే ఉండాలి, మొదట్లో పొగ మెత్తగా రావడానికి. ఆ కట్టకి కపోతే అనే బంధనపు ఆకు చుట్టి, చెక్క అచ్చులో పెట్టి నొక్కుతాడు. మధ్యలో తీసి తిప్పి మళ్లీ నొక్కుతాడు, ఒక పక్కే అచ్చు గీత పడకుండా. ఆఖర్న పై ఆకు, కాపా. అర్ధచంద్రంలా వంగిన చవేతా అనే కత్తితో అంచు కోసి, ఈనెలు లోపలికి పడేలా, అంటించే వైపు నుంచి మొదలుపెట్టి ఏటవాలుగా చుట్టుకుంటూ పోతాడు. ఈనె తీసేస్తే ఆకు రెండు సగాలవుతుంది కదా, ఎడమ సగాన్ని ఒక వైపుకి చుడితే కుడి సగాన్ని ఎదురు వైపుకి చుట్టాలి. ఆ పని తప్పు లేకుండా చెయ్యాలంటే ఏళ్లు పడుతుంది.

వసుధ: పనితనం ఉందంటే కాదనను. గుడ్డ నేసేవాళ్ల పనితనం చూసినట్టే చూస్తాను. కానీ నువ్వు చెప్పిందంతా కాలడం గురించే. రుచి సంగతి ఎక్కడొచ్చింది?

సూర్యం: పొగలో రుచి అంటే కాలిన తీరే తల్లీ. గట్టిగా కూరితే పొగ లాగడానికి రాదు, బలంగా పీలిస్తే నిప్పు వేడెక్కి చేదొస్తుంది. వదులుగా కూరితే గబగబా కాలి నోరు మండుతుంది. ఒకే ఆకు, ఒకే తూకం, చుట్టిన చెయ్యి మారితే రుచి మారిపోతుంది. దానికన్నా ముందు నేల ఉంది. పొటాషియం బాగా ఉన్న ఆకు నిప్పు నిలుపుకుంటుంది. క్లోరైడు ఎక్కువైన ఆకు ఆరిపోతుంది. మన ప్రకాశంలో ఉప్పుబావి నీళ్లు పెట్టిన చేలో ఆకు చూడటానికి బంగారంలా ఉన్నా అంటిస్తే కాలదు. ఆ ఆకుకి ఏ నిపుణుడూ ప్రాణం పొయ్యలేడు. క్యూబా పశ్చిమాన పినార్ దెల్ రియోలో, వుయెల్తా అబాహోలో, సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తీనెజ్ ఊళ్ల చుట్టూ ఉన్న ఎర్ర ఇసుక నేలలకి అంత పేరు ఊరికే రాలేదు.

వసుధ: పేరు ఎలా వచ్చిందో నేను చెబుతాను. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ క్యూబా వాణిజ్యాన్ని నిషేధించాడు. సంతకం పెట్టే ముందు తన పత్రికా కార్యదర్శి పియెర్ సాలింజర్‌ని పంపి పెతీ ఉప్మన్ సిగార్లు తెప్పించుకున్నాడు. పన్నెండు వందలు దొరికాయని సాలింజరే తరవాత చెప్పుకున్నాడు. దొరకనిదాని మీద మోజు ఎక్కువ. అమెరికాలో హవానా సిగార్ రుచిలో సగం ఆ నిషేధం రుచే. నీ ఎర్రనేల దానికి తోడయ్యిందంతే.

సూర్యం: మోజు ధరని పెంచిందంటే ఒప్పుకుంటాను. కానీ ఆ చరిత్రే నా వైపు కూడా సాక్ష్యం చెబుతుంది. 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ ఫ్యాక్టరీలను జాతీయం చేసింది. చాలామంది దేశం వదిలి డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్, నికరాగువా వెళ్లారు. క్యూబా విత్తనం అక్కడా వేశారు. విత్తనం అదే, ఆరబెట్టే పద్ధతీ అదే, చుట్టేవాళ్లు హవానాలో పని నేర్చినవాళ్లే. అయినా రుచి అది కాలేదు. నికరాగువాలోనే చూడు. ఎస్తెలీ నల్లనేలలో పండిన ఆకు ఘాటుగా మిరియంలా తగులుతుంది. ఉత్తరాన హలాపా లోయలో పండింది మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. రెంటి మధ్య దూరం పెద్దదేం కాదు. నిషేధం గానీ మోజు గానీ ఆ తేడాని తీసుకురాలేవు.

వసుధ: సరే, సూటిగా అడుగుతాను. సిగార్ మీది పేరు పట్టీ తీసేసి, కళ్లకు గంతలు కట్టి నీ చేతికిస్తే దేశం పేరు చెప్పగలవా?

సూర్యం: ప్రతిసారీ చెప్పలేను. చెప్పగలనన్నవాణ్ణి నమ్మకు. ఆకు సరిగ్గా మాగిందా లేదా, లిగెరో పాలు ఎక్కువా తక్కువా, పై ఆకు నీడాకా ఎండాకా, ఇవి చెబుతాను. దేశం పేరు వ్యాపారానికి పనికొస్తుంది. ఆకు మనిషికి అంతకన్నా ముందు తెలియాల్సినవి ఇవే.

వసుధ: పై ఆకు మాటెత్తావు కాబట్టి అడుగుతున్నా. రుచిలో సగానికి పైగా, ఇంకా ఎక్కువే, పై ఆకు వల్ల వస్తుందని రాస్తారు. తూకంలో చూస్తే అది పిసరంత. ఆ లెక్క ఎవరు ఏ కొలతతో కట్టారు?

సూర్యం: ఆ అంకెలు నేనెప్పుడూ వాడను. సన్నని సిగార్‌లో లోపలి ఆకుతో పోలిస్తే పై ఆకు పాలు ఎక్కువ, లావు దాంట్లో తక్కువ. అలాంటప్పుడు అన్నిటికీ కలిపి ఒకే అంకె ఎలా కుదురుతుంది? కానీ పెదవికి మొదట తగిలేది అదే, అంటించకముందు ముక్కుకి అందేదీ అదే. దానికోసం పడే శ్రమ చెబితే నమ్మవు. క్యూబాలో ఆ ఆకు పండించే చేల మీద తెల్లని పల్చటి గుడ్డ పందిరి వేస్తారు. ఆ నీడలో ఆకు వెడల్పుగా, పల్చగా, ఈనె సన్నగా, పట్టులా సాగుతూ ఎదుగుతుంది. ఆ విద్యలో పేరున్న రైతు అలెహాండ్రో రొబైనా, సాన్ లూయిస్ దగ్గర తోట. 1997లో ఆయన ఇంటిపేరుతోనే సిగార్ వచ్చింది, 2010లో పోయాడు. అమెరికాలో కనెక్టికట్ నది లోయలోనూ గుడ్డ కింద పండించారు. ఈక్వడోర్‌లో గుడ్డే అక్కర్లేదు, అక్కడి మబ్బే పందిరి.

వసుధ: ఇక నా విద్యలోకి రా. నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా మాంసపు రసం లాంటి ఉమామి. కోకో అన్నా, తోలన్నా, చెక్కన్నా నాలుక పని కాదు, ముక్కు పని. నోట్లో ఉన్న పొగ అంగిటి వెనకనుంచి ముక్కులోకి ఎక్కితేనే అవి తెలుస్తాయి. ముక్కు మూసుకుని పీల్చు, నీ తేనె, నీ కోకో అన్నీ మాయమవుతాయి. మిరియం రుచి అనేది అసలు రుచే కాదు, వాసనా కాదు. ముఖానికి వచ్చే ట్రైజెమినల్ నరం చెప్పే మంట. ఆ నరాన్ని గిల్లేవాటిలో నికోటిన్ కూడా ఒకటి. నువ్వు ఎస్తెలీ మిరియం అని మురిసిపోయేదాంట్లో కొంత నరం పెట్టే కేక.

సూర్యం: మిరపకాయ కారమూ అదే నరమేగా? గుంటూరు మిర్చికీ బ్యాడగీకీ తేడా లేదంటావా?

వసుధ: అనను. ఆ మాట బాగానే పట్టుకున్నావు. మంట నరానిదైనా తేడా కాయదే. అలాగే తేడా ఆకుది అని ఒప్పుకుంటాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను, ఎందుకంటే రసాయనశాస్త్రం నీ వైపుంది. కాఫీ గింజ వేయించినా, కోకో గింజ వేయించినా పైరజీన్లు అనే పదార్థాలు పుడతాయి. మాగిన పొగాకులోనూ, దాని పొగలోనూ అవి ఉన్నాయి. ఆకుకి పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు విరిగితే పూలవాసన, ఎండుపళ్ల వాసన ఇచ్చేవి వస్తాయి. అంటే సిగార్‌లో కోకో వాసన వచ్చిందన్నవాడు అబద్ధమాడటం లేదు. అతని ముక్కుకి అందింది కొంతవరకు అదే పదార్థం.

సూర్యం: ఇంతకుముందు అల్లిన మాటలన్నావు.

వసుధ: అన్నాను. అన్నీ అల్లినవి కావు. కానీ ఆ వాసనలు ఎక్కడ పుట్టాయో నీ నోటితోనే చెప్పు. నా అసలు ప్రశ్న అక్కడుంది.

సూర్యం: పుట్టేది ఆకు కట్టలు పేర్చి మాగబెట్టే మండెలో. ముందు ఆరబెట్టడం ఉంది. మన బ్యారన్‌లో వర్జీనియా ఆకుని వేడి పెట్టి వారంలోపు ఆరగొడతాం, చక్కెర ఆకులోనే ఆగిపోతుంది. సిగార్ ఆకుని తోరణాలు కట్టి చావడిలో వేలాడదీస్తారు. గాలికి, తేమకి తలుపులు తీస్తూ మూస్తూ దాదాపు ఏభై రోజులు. ఆకు ఆకుపచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ లోపల తన చక్కెరని తానే తినేస్తుంది. అప్పుడు పదునుకి వచ్చిన ఆకుని కట్టలు కట్టి మండె వేస్తారు. పై బరువుకి, తేమకి మండె లోపల వేడి పుడుతుంది. క్యూబాలో మొదటిసారి 35 డిగ్రీలు దాటనివ్వరు, రెండోసారి 42 దాకా పోనిస్తారు. మండెలో గుచ్చిన ఉష్ణమాపకం చూస్తూ, వేడి మించితే మండె విప్పి లోపలి ఆకు బయటికి, బయటి ఆకు లోపలికి తిరగేస్తారు. మండె విప్పిన గదిలోకి అడుగు పెడితే అమోనియా ఘాటుకి కళ్లు మండి నీళ్లు కారతాయి. కొన్ని వారాల తరవాత అదే గదిలో ఆ ఘాటు తగ్గి, ఎండు అంజీర లాంటి వాసన మొదలవుతుంది. కొహీబాకైతే సెకోని, లిగెరోని మూడోసారి కూడా మాగపెడతారు. ఆ తరవాత గోనెల్లో నిలవ. వొలాడోకి ఏడాదిలోపు చాలు, లిగెరోకి రెండేళ్లు కావాలి. చుట్టిన సిగార్లని చెక్క అల్మరాల్లో పెడితే రకరకాల ఆకులు ఒకదాని వాసన ఒకటి పట్టుకుంటాయి, ఆవకాయ కలిపిన రోజుకీ ఊరిన తరవాతకీ ఉన్నంత తేడా వస్తుంది. మధురో అనే పై ఆకుకి వేడీ ఎక్కువ, కాలమూ ఎక్కువ, అందుకే ఆ నలుపు, ఆ తీపి. మండెకి ఓపిక పట్టనివాడి సిగార్ పచ్చిగా, ఘాటుగా, ముక్కు పొడిచేలా ఉంటుంది. ఖరీదైన దానికీ కానిదానికీ అసలు తేడా ఇదే, ఓపిక.

వసుధ: ఇప్పుడు విను. ఆ మండెలో అమోనియా పోతున్నప్పుడు, కోకో వాసనలు పుడుతున్నప్పుడు, పక్కనే ఇంకోటి పుడుతోంది. ఆకులో ఉన్న నైట్రేటుని సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి. అది నికోటిన్‌తో, దాని జాతి పదార్థాలతో కలిసి నైట్రోసమీన్లవుతుంది. పొగాకులో తప్ప ఇంకెక్కడా పెద్దగా కనిపించనివి. వాటిలో రెండింటిని, ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనేవాటిని, మనుషులకి కేన్సర్ తెచ్చేవిగా అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో పెట్టింది. వాటికి వాసన లేదు. నీ గ్రేడింగు బల్ల మీద ఏ చెయ్యీ, ఏ ముక్కూ పట్టుకోలేవు. నువ్వు ఓపిక అన్నది రుచినీ తెచ్చింది, దీన్నీ తెచ్చింది.

సూర్యం: అది నేను కాదనలేను. కానీ సిగార్ తాగేవాడు పొగని గుండెల్లోకి పీల్చడు. నోట్లో తిప్పి వదిలేస్తాడు.

వసుధ: ఎందుకు పీల్చడో తెలుసా? నువ్వే ఇందాక చెప్పావు, ఆకు చక్కెరని తినేస్తుందని. చక్కెర ఉన్న సిగరెట్ పొగ ఆమ్ల గుణంతో ఉంటుంది, అందులో నికోటిన్ ఊపిరితిత్తుల్లోకి దిగితేనే బాగా ఎక్కుతుంది. చక్కెర లేని సిగార్ పొగ క్షారం. క్షారంలో నికోటిన్ నోటి పొరలోంచే నేరుగా రక్తంలోకి పోతుంది. పీల్చాల్సిన పనే లేదు. నోట్లో నిలిపితే చాలు. అందుకే నా దగ్గరికి వచ్చేది నోరు, గొంతు, అన్నవాహిక. 1998లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ సిగార్ల మీదే ఒక పెద్ద గ్రంథం వేసింది. ఒక పెద్ద సిగార్‌లో ఒక పెట్టె సిగరెట్లకి సరిపడా పొగాకు ఉండొచ్చు అంది. సిగరెట్‌లో నికోటిన్ సగటున 8 మిల్లీగ్రాములైతే చాలా పెద్ద సిగార్లలో 100 నుంచి 200 దాకా ఉంటుంది. అదంతా ఒంట్లోకి పోదు. కానీ గంటసేపు నోట్లో నిలిపి నిలిపి ఆస్వాదించమని మీ కేటలాగు చెబుతోంది. ఎంత బాగా రుచి చూస్తే నోరు అంత ఎక్కువసేపు పొగలో ఉంటుంది.

సూర్యం: గంట అన్నావు కాబట్టి, సిగార్‌ని మూడు భాగాలుగా చెబుతారు. మొదట మెత్తన, నడుమ పరిమళం, చివర ఘాటు. అది నేను గొప్పగా చెప్పుకునేదే. దానిమీద నీ మాటేంటి?

వసుధ: సగం మీ పెద్ద చేసిన ఏర్పాటు, సగం భౌతికశాస్త్రం. నిప్పు ముందుకి జరిగేకొద్దీ పొగలోని తారు, నికోటిన్, తేమ వెనకున్న ఆకులో పేరుకుంటాయి. చివరి భాగం కాల్చినప్పుడు పేరుకున్నదీ కలిసి వస్తుంది. ఏ మిశ్రమమైనా, ఎంత చవకదైనా, చివరికి ఘాటెక్కుతుంది.

సూర్యం: ఎక్కుతుంది. అనుభవమున్నవాడు చివరి అంగుళాలు వదిలేసేది అందుకే. మంచి మిశ్రమంలో ఆ ఘాటు చేదుగా తిరగడానికి సమయం పడుతుంది, అంతవరకే నేను చెప్పుకోగలను. సరే వసూ, నేనొకటి అడుగుతాను. నీకు సిగార్ మీద ఇంత కోపం ఎందుకు? మన దేశంలో అది తాగేవాళ్లు ఎంతమంది? బీడీ, ఖైనీ, గుట్కాల మధ్య ఇది లెక్కలోకి వస్తుందా?

వసుధ: శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్ల నోళ్లు చూశాను కాబట్టి. చుట్ట అంటించిన కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు. పెదవులు మూసుకుంటే గాలికి ఆరదు. అంగిలి తెల్లబడి, బీటలు వారి, మధ్యలో ఎర్రటి చుక్కలు పడి, కొందరికి అక్కడే పుండు కేన్సర్‌గా తిరుగుతుంది. దేశాంతరాల వైద్య గ్రంథాల్లో ఆ అంగిలి ఫోటోలకి మన తీరమే చిరునామా. వాళ్లకి ఎవరూ కేటలాగు రాయలేదు. తక్కువ ధరకి దొరికిన చుట్ట అది. ఖరీదైన సిగార్ గురించి ఇంత అందంగా రాసినప్పుడు, పొగాకులో పెద్దింటి పొగ, పేదింటి పొగ అని రెండున్నాయన్న భ్రమ పుడుతుంది. నోటి లోపలి పొరకి ఆ తేడా తెలియదు. నా కోపం అక్కడ.

సూర్యం: ఆ మాట నాకు తగిలింది. నేను పుట్టిందీ చుట్ట దేశంలోనే. లంక పొగాకు ఒకప్పుడు ఇంగ్లండు దాకా పోయింది. 1890లో వచ్చిన కోనన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి పొగాకు రకం పోల్చడం గురించి చెబుతూ మన లంక చుట్ట పేరెత్తుతాడు. గోదారి వరద వదిలిన ఒండ్రులో పండిన ఆకు అది. దాన్ని పండించిన రైతుకి వుయెల్తా అబాహో రైతుకి ఉన్నంత విద్య ఉంది. ఏ విడత కోసిన ఆకు దేనికి పనికొస్తుందో, తోరణం ఎప్పుడు దించాలో, మండె ఎప్పుడు తిప్పాలో చేతివేళ్లతో చెబుతాడు. ఒకరి ఆకుని చెక్కపెట్టెలో పెట్టారు, ఇంకొకరి ఆకుని తాటాకు బుట్టలో పెట్టారు. ఆ విద్య గుర్తింపు లేకుండా పోతోందన్నది నా బాధ. సిగార్ గురించి మాట్లాడితే కనీసం ఆకుని తెలుసుకోవడం ఒక విద్య అన్న సంగతి నలుగురికీ తెలుస్తుందని ఆశ.

వసుధ: విద్యకి నేను అడ్డం రాను. ఆ విద్యంతా రాసిపెట్టాలి అంటే నేనూ కూర్చుని రాస్తాను. కానీ విద్యని మెచ్చుకోవడం వేరు, వినియోగాన్ని మెచ్చుకోవడం వేరు. విషపు మొక్కల మీద పెద్ద పుస్తకాలున్నాయి, ఆ మొక్కల్ని తినమని అవి చెప్పవు. నువ్వు ఖరీదైనది అన్న మాట వాడినప్పుడు వినేవాడికి "హాని తక్కువ" అని వినిపిస్తోంది. అది నిజమేనా, నీ ఆకు మీద ప్రమాణంగా చెప్పు.

సూర్యం: నిజం కాదు. మేలురకం అంటే ఆకు ఏరడంలో, మాగబెట్టడంలో, చుట్టడంలో మేలు. ఒంటికి మేలని అందులో ఎక్కడా లేదు. ఇంకో మాట కూడా చెబుతాను. బాగా మాగిన ఆకు పొగ నోటికి మెత్తగా ఉంటుంది కాబట్టి మనిషి దాన్ని ఎక్కువసేపు నిలుపుకోగలడు. పచ్చి ఆకైతే దగ్గొచ్చి వదిలేసేవాడు. నేను మెచ్చుకునే మెత్తదనం నీ రోగికి మంచి చెయ్యదు.

వసుధ: ఈ మాట ఏ కేటలాగులోనూ చదవలేదు. 2003 చట్టం ప్రకారం మన దేశంలో పొగాకు పెట్టె మీద హెచ్చరిక ఉండాలి, 2016 నుంచి ముందూ వెనకా 85 శాతం మేర బొమ్మతో సహా. సిగార్ పెట్టెకీ అదే వర్తిస్తుంది. కానీ కొనేవాడు చదివేది పెట్టెని కాదు, నీలాంటి వాళ్ల మాటల్ని. ఈ ఆకు ఏ లోయదో, ఎన్నేళ్లు మాగిందో, లిగెరో ఎంతో చెప్పేవాడు అదే ఊపులో నికోటిన్ ఎన్ని మిల్లీగ్రాములో, మండెలో ఇంకా ఏం పుట్టిందో కూడా చెప్పాలి. ఆకుని గురించి అంతా తెలుసన్నవాడు సగం చెప్పి ఆపెయ్యకూడదు.

సూర్యం: చెబుతాను. కుర్రాళ్లకి ఆకు పాఠం చెప్పేటప్పుడు మండె దగ్గర ఆగి నీ నైట్రోసమీన్ల పాఠం కూడా చెబుతాను, అది ఆకు చరిత్రలో భాగమే కాబట్టి. కానీ ఒక్కటి నన్ను అడగొద్దు. రుచి అబద్ధమని మాత్రం నాచేత అనిపించొద్దు. వొలాడో నిప్పు నిలబెట్టడం, సెకో పరిమళం ఇవ్వడం, లిగెరో నడుమ కూర్చుని నెమ్మదిగా కాలడం, మండె ఓపికతో తెచ్చిన కోకో వాసన, ఇవన్నీ ఉన్నాయి.

వసుధ: అనిపించను మావయ్యా. బూటకమైతే నా పని చాలా తేలికయ్యేది. నీ నోట్లో ఉన్నది వట్టి మాటలే అని రోగికి రుజువు చేస్తే మానేసేవాడు. రుచి నిజం, పనితనం నిజం, అందుకే మానడం కష్టం. ఆ కష్టం తెలియని డాక్టరు చెప్పే మాట రోగి వినడు. నీ దగ్గర ఆకు పాఠం నేర్చుకుంటున్నది అందుకే.